ఉక్కు గుండు నీడ, తుంటి కీలు కొలత

మా ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో, సీసపు ఏప్రన్లు వేలాడే కొక్కేల కింద ఉన్న బల్ల సొరుగులో ఒక ఉక్కు గుండు ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక బేరింగుల దుకాణంలో కొన్న మామూలు గుండు అది. వ్యాసం ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు. దానిని చిన్న స్పాంజి ముక్కలో దూర్చి, పైన గుడ్డ చుట్టి, రెండు వైపులా నాడాలు కుట్టించాము. తుంటి కీలు మార్పిడి చేయవలసిన మనిషికి ఎక్స్‌రే తీసేటప్పుడు ఆ గుండును తొడ పక్కన, చేత్తో తడిమితే గట్టిగా తగిలే తుంటి ఎముక ఎత్తుకు సరిసమానంగా కట్టాలి. అప్పుడు చిత్రంలో ఎముకలతో పాటు ఒక తెల్లని గుండ్రని మచ్చ కూడా పడుతుంది. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నేను కంప్యూటరు ముందు కూర్చొని చేసుకునే ప్రణాళిక అంతా ఆ మచ్చ మీదనే నిలబడి ఉంటుంది.

కీళ్ళ ఆపరేషన్లలో కంప్యూటరు వాడుతున్నారట కదా అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. వారి మనసులో ఉండేది సాధారణంగా రోబో. కానీ ఎముకల డాక్టరుకు కంప్యూటరు నిజంగా అక్కరకు వచ్చేది కోత పెట్టకముందు, రోగి ఇంకా వార్డులో రాత్రి భోజనం చేస్తూ ఉండగా. ఏ సైజు కీలు పడుతుంది, ఎముకను ఎక్కడ కోయాలి, కోసిన తరువాత కాలు ఎంత పొడవు అవుతుంది అనే మూడు ప్రశ్నలకు ముందే జవాబు రాసి పెట్టుకోవడానికి అది పనికివస్తుంది. ఆ పని గురించే, నేను దానిని నేర్చుకున్న తీరు గురించే ఇక్కడ రాయదలచాను.

ముందు నీడ సంగతి చెప్పాలి. ఎక్స్‌రే చిత్రం అంటే ఎముక నీడ. దీపానికీ గోడకూ మధ్య చెయ్యి పెడితే గోడ మీద పడే నీడ చెయ్యి కంటే పెద్దదిగా ఉంటుంది. చెయ్యి గోడకు దూరం జరిగినకొద్దీ నీడ ఇంకా పెరుగుతుంది. ఎక్స్‌రే గొట్టానికీ కింద ఉన్న పలకకూ మధ్య 100 సెంటీమీటర్ల దూరం ఉండి, తుంటి కీలు ఆ పలకకు 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, నీడ అసలు ఎముక కంటే 100ను 85తో భాగించినంత రెట్లు, అంటే దాదాపు 18 శాతం పెద్దదవుతుంది. రోగి బక్కపలచని మనిషై కీలు 10 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటే పెరుగుదల 11 శాతం. స్థూలకాయులై 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 25 శాతం. నిజానికి 48 మిల్లీమీటర్లు ఉండవలసిన గిన్నె, అంటే కటి ఎముకలో తొడ ఎముక తల కూర్చునే గుంట, మొదటివారిలో 56కు పైగా, రెండవవారిలో 53కు, మూడవవారిలో 60కి కనిపిస్తుంది. ఆ గిన్నెలో అమర్చడానికి కంపెనీలు తయారుచేసే కప్పులు 2 మిల్లీమీటర్ల తేడాతో వరుసగా వస్తాయి కనుక, మనిషి లావును బట్టి మూడు నాలుగు సైజులు తప్పిపోవచ్చునన్నమాట.

నేను గుంటూరులో పీజీ చేస్తున్న రోజుల్లో ఈ లెక్కను ఎవరూ రోగి రోగికీ వేసేవారు కాదు. కంపెనీవాళ్ళు ఇచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ టెంప్లేట్ల మీద కప్పులు, తొడ ఎముక లోపలికి దించే కాడల వంటి స్టెమ్‌లు గీసి ఉండేవి. అవి 15 శాతమో 20 శాతమో పెద్దవి చేసి అచ్చువేసినవి. ఫిల్మును లైట్‌బాక్సుకు తగిలించి, దాని మీద టెంప్లేటు పెట్టి, అటూ ఇటూ జరుపుతూ, ఇది సరిపోయేట్టుంది అనుకునేవాళ్ళం. విరిగిన ఎముకలకైతే ట్రేసింగ్ పేపరు మీద ముక్కలను ఒక్కొక్కటిగా గీసి, కత్తెరతో కత్తిరించి, మళ్ళీ అతికించి, ప్లేటు ఎక్కడ పెట్టాలో, ఎన్ని స్క్రూలు వేయాలో ముందే రాయించే ప్రొఫెసరు ఒకరు మాకు ఉండేవారు. ఆ కాగితం థియేటరు గోడకు అంటించకపోతే ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళేవారు కాదు. 1958లో స్విట్జర్లాండులో ఏఓ పేరుతో ఒక్కటైన సర్జన్లు, వారిలో ముఖ్యుడైన మారిస్ ముల్లర్, ఎముకల శస్త్రచికిత్సకు నేర్పిన క్రమశిక్షణలో ఈ బొమ్మ గీయడం ఒక భాగం. అప్పుడు నాకది చాదస్తంగా తోచేది. ఇప్పుడు కంప్యూటరు తెర మీద నేను చేస్తున్నది ఆ ట్రేసింగ్ పేపరు పనే; కత్తెర స్థానంలో మౌస్ వచ్చింది, అంతే.

తెర మీద చేసే పనికి ఉన్న సౌకర్యం ఏమిటంటే, చిత్రంలోని ఏదో ఒక వస్తువు అసలు కొలత చెబితే చాలు, మిగిలినదంతా అదే నిష్పత్తిలో దిద్దుకుంటుంది. అందుకే గుండు. గుండు లేని రోజుల్లో చాలాచోట్ల నాణెం వాడేవారు, ఇప్పటికీ వాడుతున్నారు. నేను మరిచిపోలేని తప్పు ఆ నాణెం దగ్గరే జరిగింది.

అది నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆసుపత్రిలో. అక్కడ ఎక్స్‌రే తీసేటప్పుడు రోగి తొడ పక్కన రూపాయి నాణెం పెట్టడం అలవాటు. సాఫ్ట్‌వేరులో నాణెం అంచుకు ఒక వృత్తం గీసి, దాని వ్యాసం 25 మిల్లీమీటర్లు అని టైపు చేసేవాళ్ళం. 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి వ్యాసం 25 మిల్లీమీటర్లే, కాబట్టి చాలాకాలం ఆ లెక్క సరిగానే నడిచింది. 2011లో కొత్త రూపాయి వచ్చింది. అది 22 మిల్లీమీటర్లు. అరచేతిలో పెట్టుకుంటే చిన్నదైందని ఎవరికైనా తెలుస్తుంది, కానీ తెర మీద నాణెం తెల్లని చక్రంలా తప్ప మరోలా కనిపించదు. ఒక రోజు ఎక్స్‌రే గదిలో కొత్త నాణెం వాడారు, నేను అలవాటు ప్రకారం 25 అని కొట్టాను.

ఆ రోగి పొట్టిగా, సన్నగా ఉన్న నడివయసు స్త్రీ. తుంటి తలకు రక్తప్రసరణ ఆగి ఎముక కూలిపోయింది. ప్రణాళికలో 54 సైజు కప్పు వచ్చింది. కంపెనీ ప్రతినిధికి అదే చెప్పాను; ఆయన 50 నుంచి 60 వరకు ఉన్న పెట్టె తెచ్చారు. మరునాడు థియేటరులో గిన్నెను రీమరు అనే తొలిచే పనిముట్టులో చిన్నదానితో మొదలుపెట్టి ఒక్కొక్క సైజే పెంచుతూ వెళ్తే 47 దగ్గరే నాలుగు వైపులా ఎముక గట్టిగా పట్టింది. అక్కడి నుంచి ఇంకా తొలిస్తే ముందుగోడ పలచబడి విరిగిపోతుంది. 48 కప్పు కావాలి, పెట్టెలో లేదు. దానిని వేరే ఊరి గోదాము నుంచి తెప్పించేసరికి గంటన్నర పట్టింది. అంతసేపూ గాయంలో తడి గుడ్డలు నింపి, మేము చేతులు కట్టుకొని నిలబడ్డాము. వెన్నులో ఇచ్చిన మత్తు తగ్గుతూ వస్తుండటంతో మత్తు డాక్టరుగారు ఆమెకు పూర్తి మత్తు ఇవ్వవలసి వచ్చింది. చివరికి ఆమె కోలుకుంది, చక్కగా నడిచింది. కానీ ఆ గంటన్నర ఆమె శరీరం మీద పడిన భారం నా వేలు కొట్టిన రెండు అంకెల వల్ల వచ్చింది.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళి లెక్క వేసుకున్నాను. 22ను 25 అంటే ప్రతి కొలతా దాదాపు 14 శాతం పెరుగుతుంది. 48 దగ్గర దగ్గర 54 అవుతుంది. లెక్క అచ్చు గుద్దినట్టు సరిపోయింది. నన్ను ఇంకా బాధించిన సంగతి మరొకటి ఉంది. అదే చిత్రంలో ఆమె రెండవ వైపు తుంటి ఆరోగ్యంగానే ఉంది, ఆ ఎముక తల వ్యాసం తెర మీద 48 అని చూపిస్తోంది. అంత చిన్న ఆకారం గల స్త్రీకి తొడ ఎముక తల 40కి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటుంది కానీ 48 ఉండదని, నేను థియేటరులో ఎన్నో తలలను చేతిలో పట్టుకొని కొలిచినవాణ్ణి కాబట్టి, నాకు తెలియాలి. కంప్యూటరు చెప్పిన అంకెను నా చేతికి తెలిసిన అంకెతో పోల్చి చూడలేదు. అప్పటి నుంచి ప్రణాళిక మొదలుపెట్టగానే నేను చేసే మొదటి పని బాగున్న వైపు ఎముక తలను కొలవడం. అంకె మనిషికి తగ్గట్టు లేకపోతే మిగిలిన పని ముట్టుకోను.

నాణెమే వాడక తప్పనివారికి ఒక మాట. పది రూపాయల బిళ్ళ వాడండి, మొదటి నుంచీ దాని వ్యాసం 27 మిల్లీమీటర్లే. అయినా నాణెం కంటే గుండు మేలు. నాణెం పక్కకు ఒరిగితే నీడ కోలగా పడుతుంది, గుండు ఎటు తిరిగినా గుండ్రంగానే ఉంటుంది. ఏది వాడినా ఎత్తు మాత్రం కీలుకు సమానంగా ఉండాలి. అది బల్ల వైపు జారితే పలకకు దగ్గరై దాని నీడ చిన్నదవుతుంది, అప్పుడు ఎముకలు ఉన్నదానికంటే పెద్దవిగా లెక్కకు వస్తాయి. పొట్ట మీద పెడితే దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపే ఎక్స్‌రే మీద ఈ పని ఏదీ చేయడానికి వీలుండదని కూడా చెప్పాలి, ఎందుకంటే దూరం నుంచి అలా పంపి, ఏ సైజు కీలు పడుతుందో చెప్పమని అడిగే బంధువులు చాలామంది ఉన్నారు.

కొలత కుదిరాక అసలు పని మొదలవుతుంది. ఇటీవల ఆపరేషన్ చేసిన ఒక పెద్దావిడ సంగతి చెబితే అది సులువుగా అర్థమవుతుంది. కనిగిరి వైపు పల్లె నుంచి వచ్చారు, కుడి తుంటి పూర్తిగా అరిగిపోయింది. నొప్పి గురించి ఆమె పెద్దగా మాట్లాడలేదు. "నొప్పికి అలవాటు పడిపోయాను గానీ బాబూ, మాఘమాసంలో మనవరాలి పెళ్ళి ఉంది, నలుగురిలో కుంటుకుంటూ తిరగకుండా చూడు నాయనా" అన్నారు. ఆ మాట డాక్టరుకు చాలా కచ్చితమైన ఆదేశం. కాలు ఎన్ని మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది, అందులో ఎన్ని తిరిగి ఇవ్వాలి అనే లెక్క అడుగుతున్నారు ఆవిడ.

తెర మీద కటి ఎముకలో రెండు వైపులా కన్నీటి బొట్టు ఆకారంలో ఒక గుర్తు కనిపిస్తుంది. ఆ రెండు బొట్ల అడుగులను కలుపుతూ అడ్డంగా ఒక గీత గీస్తాను. తొడ ఎముక లోపలి వైపు చిన్న బొడిపె ఒకటి ఉంటుంది, అది కుడివైపునా ఎడమవైపునా ఆ గీతకు ఎంత దూరంలో ఉందో కొలుస్తాను. ఆవిడకు తేడా 18 మిల్లీమీటర్లు వచ్చింది. తరువాత కప్పును బొమ్మలోని గిన్నెలో కూర్చోబెట్టాలి. అడుగు ఆ కన్నీటి బొట్టు దగ్గరకు రావాలి, వాలు 40 డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. 1978లో లెవినెక్ బృందం చెప్పిన 40కి పది అటూ ఇటూ వాలు, 15కు పది అటూ ఇటూ ముందుకు తిరుగుడు అనే హద్దులే ఇప్పటికీ అందరూ తలుచుకునేవి. ఆ హద్దుల లోపల పెట్టిన కీళ్ళు కూడా జారిన సందర్భాలు ఉన్నాయి కనుక వాటిని శిలాశాసనంగా చూడకూడదు. మనిషి కూర్చున్నప్పుడు కటి వెనక్కి వాలుతుంది, నిలబడినప్పుడు ముందుకు వస్తుంది. నడుము బిగుసుకుపోయినవారిలో ఆ కదలిక ఉండదు. నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, పీట మీద కూర్చొని వంట చేసే అలవాటున్న మనుషులకు ఈ తేడా చాలా ముఖ్యం. అందుకే ఇప్పుడు పక్క నుంచి, నిలబెట్టి ఒకటి, కూర్చోబెట్టి ఒకటి ఎక్స్‌రేలు కూడా తీయిస్తున్నాను.

కప్పు తరువాత స్టెమ్. తొడ ఎముక లోపలి కాలువలోకి అది ఎంత దిగుతుంది, మెడను బొడిపెకు ఎన్ని మిల్లీమీటర్ల పైన కోయాలి, కొత్త తల కేంద్రం ఎముక నడిమి గీతకు ఎంత పక్కగా ఉండాలి అని చూడాలి. ఆ చివరిదానిని మేము ఆఫ్‌సెట్ అంటాము. అది తగ్గితే పక్క కండరం వదులై మనిషి ఊగుతూ నడుస్తుంది, కాలి పొడవు సరిపోయినా సరే. ఇక్కడ నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది దర్జీకి ఇచ్చే ఆది జాకెట్టు. అరిగిపోయిన వైపు ఎముక ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు, కానీ రెండవ వైపు బాగుంటే అదే ఆది. సాఫ్ట్‌వేరు దానిని అద్దంలో తిప్పినట్టు తిప్పి చెడిపోయిన వైపు మీద పరుస్తుంది. కొత్త కీలు కేంద్రం ఆ ఆది మీదకు వచ్చి కూర్చునేవరకు కప్పును, స్టెమ్‌ను మార్చుకుంటూ పోవచ్చు. థియేటరులో ఒక స్టెమ్ కొట్టి, తీసి, మరొకటి కొట్టి చూడటానికి వీలు లేదు. తెర మీద ఎన్నిసార్లైనా చూడవచ్చు, ఎముకకు నొప్పి పుట్టదు.

బొమ్మ ప్రకారం ఆవిడ కాలు 18 మిల్లీమీటర్లు పొడవు చేస్తే రెండూ సమానమవుతాయి. కానీ నేను ఇంకొక పని చేస్తాను. 5 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ ముక్కలు కొన్ని కోయించి పెట్టుకున్నాను. రోగిని నిలబెట్టి, పొట్టి కాలి కింద ఒక్కొక్క ముక్కా పెడుతూ, ఎప్పుడు సమానంగా అనిపిస్తుందో చెప్పమంటాను. ఆవిడ రెండు ముక్కలకే "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు. మూడవది పెడితే "ఎవరో ఎత్తినట్టుంది నాయనా, తీసెయ్" అన్నారు. ఏళ్ళ తరబడి కుంటడం వల్ల నడుము ఒక పక్కకు ఒంగి, ఆ ఒంపు కొంత బిగుసుకుపోయింది. బొమ్మ లెక్క ప్రకారం నేరుగా 18 ఇచ్చి ఉంటే బాగు చేసిన కాలే ఆవిడకు పొడుగనిపించేది. నేను 12 దగ్గర ఆగేట్టు ప్రణాళిక మార్చాను. మెడ కోత గీతను కాస్త కిందికి దించి, పొట్టి మెడ తలను ఎంచుకున్నాను. ఆపరేషన్ తరువాత చిత్రంలో 11 వచ్చింది. తెర మీది గీతలకు ప్లైవుడ్ ముక్కల మీద నిలబడ్డ మనిషి మాట తోడు కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇదంతా చదునైన చిత్రం మీద చేసే పని. ఎముక చదునుగా ఉండదు, మెలితిరిగి ఉంటుంది, ఆ మెలిక ఎక్స్‌రేలో కనిపించదు. దానికి సీటీ స్కాన్ కావాలి. ఈఎమ్‌ఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి స్కాన్ తీశారు. అది తల స్కాన్. సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది: నీటికి 0, గాలికి మైనస్ 1000, ఎముకకు వందల్లో. ఆ అంకెల వల్లనే కంప్యూటరు ఎముకను మాంసం నుంచి వేరు చేసి, తెర మీద చేత్తో తిప్పి చూడగలిగే రూపంగా కట్టగలుగుతుంది. దాని మీద శస్త్రచికిత్స ముందుగా చేసి చూసుకోవాలన్న ఆలోచన కూడా కొత్తదేమీ కాదు. విలియం బర్గార్ అనే సర్జను, హోవార్డ్ పాల్ అనే పశువైద్యుడు, ఐబీఎమ్ పరిశోధకులతో కలిసి దానిని మొదట కుక్కల మీద ప్రయత్నించి, 1992 నవంబరులో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మనిషి తుంటికి చేశారు. రోబోడాక్ అనే ఆ యంత్రం తొడ ఎముకలో స్టెమ్‌కు కావలసిన గాడిని తొలిచేది. ఎక్కడ తొలవాలో మాత్రం అంతకుముందే ఆర్థోడాక్ అనే కంప్యూటరు తెర మీద సర్జను నిర్ణయించేవాడు. యంత్రం పేరు అందరికీ గుర్తుంది, తెర పేరు ఎవరికీ గుర్తు లేదు.

పుట్టుకతోనే గిన్నె లోతు లేనివారికి, వెన్నుబిగుసు జబ్బుతో తుంటి పూర్తిగా అతుక్కుపోయినవారికి, ఇదివరకే ఒకసారి కీలు మార్చినవారికి నేను సీటీ అడుగుతాను. అందరికీ అడగను. రేడియేషన్ ఉంది, ఖర్చు ఉంది, మామూలు అరుగుదలకు ఎక్స్‌రే సరిపోతుంది. కాసు ఖర్చు లేని త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేరుతో ఎముకలను వేరు చేయడం నేను నేర్చుకున్నాను. మొదటి కేసుకు రెండు రాత్రులు పట్టింది. అరిగిపోయిన తుంటిలో తలకూ గిన్నెకూ మధ్య సందు మిగలదు కాబట్టి కంప్యూటరు రెండింటినీ ఒకే ఎముకగా చూస్తుంది. పొర తరువాత పొర తీసుకొని, ఇది తల, ఇది గిన్నె అని చేత్తో చెరిపి వేరు చేయాలి. ఇప్పుడు ఆ పనిని తానే చేసే సాఫ్ట్‌వేర్లు వస్తున్నాయి, చాలావరకు బాగానే చేస్తాయి. కానీ ఆ రెండు రాత్రులు పొర పొరా చూడటం వల్ల ఆ గిన్నె వెనుకగోడ ఎంత పలచగా ఉందో నాకు కంఠతా వచ్చేసింది. ఆ పరిచయం యంత్రం ఇవ్వదు.

సీటీ ప్రణాళిక ఫలితాన్ని కళ్ళారా చూసింది కటి ఎముక విరిగిన ఒక యువకుడి విషయంలో. బైకు ప్రమాదం. తుంటి గిన్నె మూడు ముక్కలైంది. ఎడమ వైపు బాగుంది కనుక దానినే ఆదిగా తీసుకొని, అద్దంలో తిప్పి, కుడివైపు గిన్నె విరగకముందు ఎలా ఉండేదో ఆ రూపాన్ని తయారుచేసి, ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళ చేత త్రీడీ ప్రింటరు మీద అచ్చు వేయించాము. తెల్లవారేసరికి ఎముక చేతికొచ్చింది. ఆ సాయంత్రం నా గదిలో కూర్చొని, పొడవాటి ప్లేటును ఆ నమూనా అంచు మీద ఆనించి, వంచే పనిముట్లతో కొంచెం కొంచెంగా వంచాను. ఎక్కడ సందు ఉంటే అక్కడ వెలుతురు కనిపిస్తుంది. వెలుతురు కనబడకుండా పోయేవరకు వంచి, ప్రతి రంధ్రంలో ఎంత పొడవు స్క్రూ పట్టాలో కొలిచి రాసుకున్నాను. మామూలుగా ఈ వంచడం థియేటరులో, రక్తం కారుతుండగా, లోతైన గాయంలోకి ప్లేటు పెట్టి తీసి, పెట్టి తీసి చేస్తాము. ఆ రోజు ప్లేటును ఒక్కసారే పెట్టాను. ఒక జాగ్రత్త చెప్పాలి: ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కనుక దానిని వేడి ఆవిరితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవులో పెట్టకూడదు. ప్లేటును మాత్రమే స్టెరిలైజ్ చేయించి, నమూనాను దూరంగా బల్ల మీద పెట్టుకున్నాము.

మోకాళ్ళ దగ్గర ఈ లెక్క ఇంకొక రూపంలో వస్తుంది. కనిగిరి, పొదిలి ప్రాంతాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోవి. ఆ జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ జబ్బు ఉందని 1937లోనే వైద్యపత్రికలకు ఎక్కింది. నల్లగొండ పల్లెల్లో పిల్లల మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్ళు వంకరపోవడాన్ని 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. ఆ వంకరలతో పెద్దయినవారు మా ఓపీకి ఇప్పటికీ వస్తారు. వారికి తుంటి నుంచి చీలమండ దాకా ఒకే చిత్రంలో వచ్చేలా నిలబెట్టి ఎక్స్‌రే తీయాలి. తుంటి తల మధ్య నుంచి చీలమండ మధ్యకు గీసిన గీత మోకాలి నడుమగా పోవాలి, పోకపోతే ఎక్కడ ఎన్ని డిగ్రీలు కోస్తే పోతుందో తెర మీద కోసి చూడాలి.

ఇక్కడ పాతకాలపు వాడుక సూత్రం ఒకటి ఉంది: ఎముకను కోసి తెరిచేటప్పుడు ఒక డిగ్రీకి ఒక మిల్లీమీటరు. అది 57 మిల్లీమీటర్ల వెడల్పున్న ఎముకకే నిజం. 70 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే 10 డిగ్రీలకు 12 మిల్లీమీటర్లకు పైగా తెరవాలి. పాత సూత్రం ప్రకారం 10 తెరిస్తే వంకరలో ఐదో వంతు మిగిలిపోతుంది. కంప్యూటరు ఈ లెక్కను ఎముక వెడల్పును బట్టి తానే వేస్తుంది. అయితే మోకాలి చిప్ప సూటిగా ముందుకు చూస్తూ ఉండగా చిత్రం తీయాలి. పాదాన్ని బట్టి నిలబెడితే, పూర్తిగా చాచలేని మోకాలు బయటికి తిరిగి, లేని వంకర కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. సాఫ్ట్‌వేరు ఆ లేని వంకరను కూడా దశాంశ స్థానం వరకు కొలిచి చూపిస్తుంది. ఇక ఫ్లోరైడ్ సోకిన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దిట్టంగా కనిపించినా రంపం కింద పెళుసుగా ఉంటుంది, దాని లోపలి కాలువ సన్నబడి ఉండవచ్చు. ఈ పెళుసుదనం ఏ తెర మీదా కనిపించదు. కాబట్టి అటువంటివారికి ప్రణాళికలో వచ్చిన సైజుతో పాటు అంతకంటే చిన్న రెండు సైజులు కూడా థియేటరులో ఉండేలా చెబుతాను.

ఎంత జాగ్రత్త తీసుకున్నా ప్రణాళికలో వచ్చిన సైజే ప్రతిసారీ పట్టదు, ఒక సైజు అటూ ఇటూ కావడం మామూలే. అందుకే నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఎడమ పేజీలో ముందురోజు అనుకున్నవి: కప్పు, స్టెమ్, మెడ కోత ఎత్తు, కాలి పొడవు. కుడి పేజీలో థియేటరులో పట్టినవి, ఆ తరువాత చిత్రంలో కొలిచినవి. తేడా వచ్చినప్పుడు కారణం వెతకడం నాకు ఆపరేషన్‌లో భాగమే. ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసే పెద్దాయనకు ఈ పుస్తకం సంగతి తెలుసు. ప్రతి ఆపరేషన్ తరువాత మెట్ల దగ్గర కలిసి "ఎంత పట్టింది సార్?" అని అడుగుతారు.

మొన్న 52 అనుకున్నచోట 50 పట్టిందని చెప్పాను. ఆయన నన్ను ఎక్స్‌రే గదిలోకి తీసుకువెళ్ళి ఆ చిత్రాన్ని మళ్ళీ తెరిపించారు, గుండు నీడను కాసేపు చూశారు. "గుండు బల్ల వైపు జారినట్టుంది సార్. ఆయన తొడ లావు కదా, నాడా అందక వదులుగా కట్టాను" అన్నారు. మరునాడు ఉదయం నేను వెళ్ళేసరికి ఆ నాడాలకు రెండు వైపులా బెత్తెడు బెత్తెడు గుడ్డ కలిపి కుట్టించుకొని వచ్చారు.